నల్లగుడ్డ కింద రంగులు

మా వ్యాపారానికి వేసవే పంట. వానలు పడేలోగా గోడలకు రంగు వేయించాలన్న సంగతి అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. ఆ ఎండల్లో అమ్ముకున్నదే అమ్మకం. మిగతా ఏడాదంతా డబ్బాల మీద దుమ్ము దులుపుకుంటూ కూర్చోవాలి. సరిగ్గా ఆ అదను చూసే మా బిల్డింగు ఓనరు కరెంటు తీసేశాడు.

తీసేశానని ఆయన ఒప్పుకోడు లెండి. "మీటరు కాలిపోయిందమ్మా, రిపేరు చేయిస్తున్నాం" అని ఆయన మేనేజరు వచ్చి నవ్వుతూ చెప్పాడు. ఆ మనిషి ముఖానికి నవ్వు కుట్టేసినట్టు ఉంటుంది. మంచి కబురైనా చెడ్డ కబురైనా అదే నవ్వు. బిల్డింగు మొత్తానికి మీటరు ఒక్కటే, అదీ ఓనరు పేరు మీద. కరెంటు ఆఫీసుకు వెళ్తే "ఎవరి పేరున ఉంటే వాళ్ళే రావాలి" అని పంపేశారు.

అసలు సంగతి అందరికీ తెలిసిందే. పాత బిల్డింగు పడగొట్టి ఎత్తుగా లేపాలని ఆయన ఆశ. వ్యాపారం నడుస్తున్నంత కాలం మమ్మల్ని లేపడానికి అద్దె ఒప్పందం ఒప్పుకోదు. కానీ అందులోనే ఇంకో మాట ఉంది. వారం పాటు వరసగా అమ్మకం లేకుండా దుకాణం పడి ఉంటే, మేం వదిలేసినట్టే లెక్క. పొమ్మనడం ఆయన వల్ల కాదు. మేమే పోయేలా చేయడం మాత్రం ఆయన చేతిలో పని.

జిరాక్స్ కొట్టు ముందు పోయింది. జ్యూస్ కొట్టు, ఫోన్లు బాగుచేసే కొట్టు దాని వెనకే వెళ్ళాయి. చివరికి ఇద్దరం మిగిలాం. మెట్ల కింద కాలితో తొక్కే మిషను పెట్టుకున్న టైలరన్నయ్య ఒకడు, పెయింట్ల కొట్టు పెట్టుకున్న నేను ఒకదాన్ని.

"నాకు కరెంటు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే చెల్లెమ్మా. నా కాళ్ళు ఆడినంత కాలం నా మిషను ఆడుతుంది. నీ సంగతేంటి?" అన్నాడు టైలరన్నయ్య.

నా సంగతి అంత తేలిక కాదు. రంగు కలిపే మిషను చచ్చి కూర్చుంది. దానికి ఒక దారి దొరికింది. షేడు నంబరు పంపిస్తే కంపెనీ డిపోలోనే కలిపి ఇస్తారు, మా అబ్బాయి వ్యాను తోలుకెళ్ళి తెస్తాడు. ఇన్వర్టరుకు తిండి కరెంటే కాబట్టి అది రెండో రోజుకే పడుకుంది. థిన్నరు డబ్బాల మధ్య జనరేటరు పెట్టుకునేంత తెలివితక్కువదాన్ని కాను. ఎదురు హోటలతను కొన్నాళ్ళు చార్జింగు పెట్టుకోనిచ్చాడు. తర్వాత "ఏమనుకోకు అక్కా, నా కొట్టూ ఆయనదే" అని తలొంచుకున్నాడు.

ఇక మిగిలింది కోడలి ల్యాప్‌టాప్.

మా కొట్టు నడిచేది దాని మీదే. ఇంటి ఫోటో తెస్తే కోడలు అందులో ఎక్కించి, గోడ గోడకీ రంగు వేసి చూపిస్తుంది. తన ఇల్లు పసుపు రంగులో ఎలా ఉంటుందో కళ్ళారా చూసిన మనిషి బేరమాడడం సగం మర్చిపోతాడు. ఫోన్లో చూపిస్తే లాభం లేదు, ఇల్లు అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. అందుకని రాత్రి ఇంట్లో చార్జింగు పెట్టి, పొద్దున నిండుగా తెచ్చేవాళ్ళం. పాత బ్యాటరీ. పూర్తి వెలుగు పెడితే మధ్యాహ్నం దాకా కూడా రాదు. బాగా తగ్గిస్తే సాయంత్రం దాకా ఈదుతుంది.

నేను వ్యాపారిని. ఉన్న సరుకు ఎలా పంచాలో నాకొకరు చెప్పాలా? వెలుగునీ సరుకులాగే చూశాను. ఎవరూ లేనప్పుడు స్క్రీను ఆపెయ్యాలి. చూసి పోయేవాళ్ళకు మసక వెలుగు చాలు. "ఎన్ని లీటర్లు పడుతుంది?" అని అడిగినవాళ్ళకు సగం. మనిషి చెయ్యి జేబు వైపు వెళ్ళినప్పుడు మాత్రమే నిండు వెలుగు.

కోడలికి ఇది గిట్టలేదు.

"సగం వెలుగులో చూపించిన రంగు రంగే కాదు అత్తయ్యా, అది అబద్ధం."

"బ్యాటరీ అయిపోయాక నల్లటి స్క్రీను చూపించడం నిజమా?"

"ఎదురుగా ఎండ. ఆ ఎండలో మసకగా పెడితే అన్నీ బురద రంగులే కనిపిస్తాయి. వాళ్ళు అనుకున్నదొకటి, గోడ మీద పడేదొకటి."

"గోడ మీద పడ్డాక కళ్ళు అలవాటు పడతాయిలే."

అది పెంచేది, నేను తగ్గించేదాన్ని. సూర్యుడి బొమ్మ ఉన్న మీట మీద మా ఇద్దరి వేళ్ళూ అరిగాయి. టైలరన్నయ్య పక్క నుంచి వింటూ, "అత్తాకోడళ్ళు పొయ్యి దగ్గర పోట్లాడుకోవడం చూశాను గానీ, ఇదేంటమ్మా!" అని నవ్వేవాడు.

మా ఆయన మాత్రం నవ్వలేదు. కరెంటు పోయిన వారానికే ఆయన కొట్టుకు రావడం మానేశాడు. "వెనక వీధిలో చిన్న గది ఇస్తారట, చేతిలో కొంత పెడతారట. మర్యాదగా తీసుకుని పోదాం. ఈ వయసులో పంతాలు మనకెందుకు?" అన్నాడు.

"ఆ గదిలో నిచ్చెన నిలబెడితే డబ్బాలు పట్టవు, డబ్బాలు పెడితే మనిషి పట్టడు. రంగుల కొట్టు వెనక వీధిలో పెడితే ఎవరు చూస్తారండీ?"

"నీకు ఓడిపోవడం తెలీదు. అదే నీ జబ్బు."

"తెలీకపోవడం కాదు. చవగ్గా ఓడిపోవడం ఇష్టం లేదు."

ఆయన ఇంట్లోనే ఉండి వంట చూసేవాడు. రాత్రి మేం తెచ్చిన ల్యాప్‌టాప్ తీసుకుని హాల్లో చార్జింగు పెట్టేవాడు. ఆ ఒక్క పని ఆయన మా కోసం చేస్తున్నాడని మనసులో ఒక పక్క జమ వేసుకున్నాను.

ఇలా ఉండగా పళ్ళ డాక్టరు వచ్చాడు. క్లినిక్కు ముందు గోడకు ఇటుక రంగు కావాలన్నాడు. హుందాగా, నిమ్మళంగా ఉండాలట. ఆ రోజు బ్యాటరీ అప్పటికే కిందికి జారింది. నేను మసకగా పెట్టించాను. ఏది చూపించినా "కొంచెం డల్‌గా ఉంది, ఇంకాస్త తేటది" అన్నాడు. తేటది చూపించాం. ఇంకా తేటది అన్నాడు. చివరికి ఒకటి చూసి "ఆఁ, ఇదీ" అని లేచాడు. కోడలు నా వైపు చూసింది. నేను బిల్లు వైపు చూశాను.

గోడ ఎండాక ఆయన నేరుగా కొట్టుకు వచ్చాడు.

"అమ్మా, నా దగ్గరకి వచ్చేవాళ్ళు అసలే భయపడుతూ వస్తారు. ఇప్పుడు ఆ గోడ చూసి వీధి మొదట్లోనే వెనక్కి తిరుగుతున్నారు!"

వెళ్ళి చూశాను. మండుతున్న నారింజ రంగు. ఎండలో దాని వైపు చూస్తే కళ్ళు నీళ్ళు కారాయి. వీధిలో నిలబడ్డవాళ్ళు "డాక్టరుగారు నిప్పు అంటించుకున్నారు" అని ఎకసెక్కాలు ఆడుతున్నారు. మారు మాట్లాడకుండా మా ఖర్చుతో వేరే రంగు వేయించాను. కానీ ఎకసెక్కాలకు వేరే రంగు వేయించలేం కదా. "చీకటి కొట్టులో రంగులు కొంటే ఇంతే" అన్న మాట ఊరంతా తిరిగింది. మేనేజరు దాన్ని ఇంకొన్ని వీధులు తిప్పి ఉంటాడు.

బేరాలు ఆగిపోయాయి. మేనేజరు రోజూ మధ్యాహ్నం వచ్చి ఖాళీ కొట్టును ఫోనుతో ఫోటో తీసుకుని వెళ్ళేవాడు. "ఏమీ అనుకోకండమ్మా, రికార్డు కోసం" అనేవాడు. ఒక రోజు, ఇంకో రోజు, అలా వారం దగ్గర పడింది.

ఆ వారం ఆఖరి రోజున హాస్టలావిడ వస్తానంది. ఆవిడకు ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు ఉంది. పెద్ద బిల్డింగు, లోపలా బయటా రంగు వేయించాలి. ఆ ఒక్క ఆర్డరు పడితే వారం గొలుసు తెగుతుంది. పడకపోతే మర్నాడు మేనేజరు తాళంకప్పతో వస్తాడు. "రేపు ఎంత వెలుగు కావాలంటే అంత పెట్టుకో, నేను మీట ముట్టుకోను" అని ముందు రోజు సాయంత్రమే కోడలికి మాటిచ్చాను. భోజనాల దగ్గర మా ఆయన ఆ మాటలన్నీ విన్నాడు.

మర్నాడు కొట్టు షట్టరు ఎత్తేసరికి మేనేజరు అక్కడే ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం వచ్చే మనిషి పొద్దున్నే వచ్చాడు.

"ఏంటమ్మా, ఇవాళ చార్జింగు లేదటగా?"

కోడలు అప్పటికింకా ల్యాప్‌టాప్ సంచీలోంచి తీయనే లేదు.

తీసింది. తెరిచింది. మూలన బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది. రాత్రంతా వైరు పెట్టే ఉంది, పొద్దున ఆ వైరు ఊడదీసింది నేనే. గోడ మీది స్విచ్చి వేసి ఉందో లేదో మాత్రం చూడలేదు. అలా చూసుకోవాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? కోడలు నా ముఖంలోకి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అడగొద్దు, ఇప్పుడు కాదు అని. అది అడగలేదు.

హాస్టలావిడ గొడుగు ముడుస్తూ వచ్చింది. చకచకా మాట్లాడే మనిషి. "నాకు ఎక్కువ టైం లేదు. మీరు నిప్పు రంగు వేశారటగా ఎవరికో? నాకు అలాంటివి వద్దు" అంటూనే కూర్చుంది.

కోడలు వెలుగు పెంచింది. హాస్టలు ముందు గోడ తళుక్కుమంది. ఆవిడ ముందుకు వంగింది. అంతలో బ్యాటరీ ఆఖరి హెచ్చరిక వచ్చింది. నా చెయ్యి దానంతటదే మీట మీదకు వెళ్ళి తగ్గించేసింది. గోడ బురదయింది.

"మాటిచ్చారు అత్తయ్యా."

"మాటిచ్చినప్పుడు బ్యాటరీ ఉంది."

"ఇలా చూపిస్తే ఇంకో నారింజ గోడ అవుతుంది."

"అలా చూపిస్తే ముందు గోడ కాకముందే చస్తుంది. ఆవిడవి నాలుగు వైపులా ఉన్నాయి."

హాస్టలావిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "నాకైతే నా ముఖమే కనిపిస్తోంది ఇందులో" అంది. నిజమే. బయటి ఎండంతా స్క్రీను మీద పడి అద్దంలా మెరుస్తోంది. వెనకాల గుమ్మంలో మేనేజరు కూడా అందులో కనిపిస్తున్నాడు, నవ్వుతో సహా.

కోడలు నిలబడింది. "వెలుగు పెంచలేం. ఎండే తగ్గాలి" అంది, ఎవరికో కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు.

నాకు వెలిగింది. ఒక్క ఉదుటున వెళ్ళి షట్టరు పట్టుకుని కిందికి లాగబోయాను. మేనేజరు ఫోను పైకెత్తాడు. ఆ నవ్వు ఇంకొంచెం సాగింది. షట్టరు సగం దిగిన ఫోటో ఒక్కటి చాలు, కొట్టు మూసేశారనడానికి. చెయ్యి వదిలేశాను.

"అన్నయ్యా! కోటు లోపల వేసే నల్లగుడ్డ ఉందా?" అని మెట్ల వైపు కేకేశాను.

"ఉంది చెల్లెమ్మా. ఎంత చింపను?"

"చింపకు. తానంతా పట్రా."

తాను భుజాన వేసుకుని వచ్చాడు. కౌంటరుకు రెండు వైపులా డబ్బాల వరసల మీద గుడ్డ పరిచి, కొసలు కదలకుండా నాలుగు లీటర్ల డబ్బాలు పెట్టాం. ల్యాప్‌టాప్ గుడ్డ లోపల. "లోపలికి రండమ్మా" అని హాస్టలావిడ చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. ముగ్గురు ఆడవాళ్ళం ఆ గుడ్డ కింద తలలు దూర్చి, భుజాలు రాసుకుంటూ వంగున్నాం. థిన్నరు వాసన, కొత్త గుడ్డ వాసన, చెమట. కటిక చీకటి.

కోడలు వెలుగును పెంచలేదు. ఇంకా తగ్గించింది. బొమ్మ ఆరిపోయే దగ్గర వేలు ఆపింది. మా కళ్ళు ఆ చీకటికి సర్దుకున్న కొద్దీ గోడ మెల్లగా పైకి తేలింది. అంత తక్కువ వెలుగులోనూ రంగు రంగులాగే ఉంది. కిటికీ అంచులు విడిగా, మెట్ల పక్క గోడ విడిగా తెలుస్తున్నాయి.

"అయ్యో, ఇది మా హాస్టలే!" అంది ఆవిడ, ఎవరో కాదన్నట్టు. "ఆ పైన ఆకుపచ్చ వెయ్యి. ముదురు కాదు, లేతది. ఆఁ. కింద అదే వద్దు. నువ్వు కొంచెం జరుగమ్మా, నీ మోచెయ్యి గుచ్చుకుంటోంది."

ఆ మోచెయ్యి నాదే. జరిగాను.

నాలుగు వైపులూ చూసింది. లోపలి గదులు కూడా చూసింది. ఆ చావుకు సిద్ధమైన బ్యాటరీ, తక్కువ తింటూ ఓపిగ్గా నడిచింది. ఆవిడ సరే అన్నాక నేను బిల్లు పుస్తకం అందుకోబోతే కోడలు ఆపింది. షేడు కార్డు తీసి, ఆవిడను గుమ్మం దాకా నడిపించుకెళ్ళి ఎండలో పట్టుకుంది.

"గోడ ఎలా ఉంటుందో లోపల చూశారు. రంగు మాత్రం ఇక్కడ చూసి చెప్పండి. మీ గోడ ఉండేది ఎండలోనే కదా."

ఆవిడ కళ్ళు చికిలించి చూసి, రెండు రంగులకు తలూపింది, మూడోది మార్చింది. నేను మీట పట్టుకుని తగ్గించినన్నాళ్ళూ, అది మీట పట్టుకుని పెంచినన్నాళ్ళూ మా ఇద్దరిలో ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. చీకట్లో ఇల్లు, ఎండలో రంగు. దేని లెక్క దానిదే.

బిల్లు రాశాను. అడ్వాన్సు తీసుకున్నాను. బిల్లును గుమ్మం దాకా తెచ్చి మేనేజరు ముఖం ముందు పట్టుకున్నాను.

"తీసుకోండి ఫోటో. తేదీ కూడా పడేలా తీయండి."

"అదేంటమ్మా, ఆ గుడ్డలూ అవీ... కొట్టులా లేదు."

"షట్టరు పైకి ఉందా లేదా?"

"ఉందనుకోండి..."

"అమ్మకం అయిందా లేదా?"

టైలరన్నయ్య కౌంటరు మీద చెయ్యి వేసి, "గుడ్డ మాత్రం నాది సార్. దానికీ ఓ ఫోటో కావాలా?" అన్నాడు.

ఆ రోజు సాయంత్రం మా ఆయనకు నేనే వడ్డించాను.

"స్విచ్చి వేయడం మర్చిపోయినట్టున్నారు రాత్రి" అన్నాను.

"చూసుకోలేదు."

"అలాగా. హాస్టలు ఆర్డరు వచ్చింది. ఇంకొంచెం పెట్టనా?"

ఆయన చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. పెట్టాను. తిన్నాడు.

ఆ మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కాకపోతే ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ కోడలి గదిలో చార్జింగుకు వెళ్ళింది. కొట్టు తాళాలు కూడా నా నడుముకు కాకుండా దాని సంచీలోకి వెళ్ళాయి. నేనే వేశాను. "ఇదేంటత్తయ్యా?" అంది. "బరువుగా ఉన్నాయి" అన్నాను.

టైలరన్నయ్య నల్లగుడ్డను గుడారంలా కుట్టి, పైన కొక్కేలు పెట్టి ఇచ్చాడు. ఊరికే ఇస్తానన్నాడు. నేను ఊరికే తీసుకోలేదు, ఆయన మెట్ల కింది గోడకు రంగు వేయించాను. గుడారం కబురు పళ్ళ డాక్టరు దాకా వెళ్ళింది. ఆయన స్వయంగా వచ్చి, లోపల తల పెట్టి చూసి, "ఇది ముందే ఉంటే నా గోడ బతికేది" అని, ఇంటికి ఆర్డరిచ్చి వెళ్ళాడు. మొగుడూ పెళ్ళాలు లోపలికి దూరి పోట్లాడుకునేవాళ్ళు. గుడ్డ అటూ ఇటూ ఊగేది. బయట వరసలో నిలబడ్డవాళ్ళు లోపలి మాటలు విని నవ్వేవాళ్ళు. మధ్యాహ్నం దాకా కూడా రాని బ్యాటరీ ఇప్పుడు సాయంత్రం కొట్టు కట్టేసేదాకా వచ్చి, ఇంటికి వెళ్ళేటప్పుడు ఇంకా కొంచెం మిగిలేది.

మేనేజరు రోజూ వచ్చాడు. నేను రోజూ బిల్లు చూపించాను.

మా ఆయన కూడా ఒక రోజు వచ్చాడు. రమ్మని నేను పిలవలేదు. పొమ్మని కోడలు అనలేదు. కాసేపు డబ్బాలు లెక్కపెడుతున్నట్టు నటించి, "ఆ కార్డులు ఎవరు పట్టుకుంటున్నారు ఎండలో?" అని అడిగాడు. "ఎవరూ లేరు మామయ్యగారూ, చూస్తున్నారుగా" అంది కోడలు, తలెత్తకుండానే. ఆయన కార్డుల కట్ట తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సాయంత్రానికి మెడ మీద చర్మం కందిపోయింది. మర్నాడు కూడా వచ్చాడు.

మొదటి వాన పడ్డ రోజున మాకు కరెంటు వచ్చింది. వ్యాపారం నడుస్తున్న కొట్టును ఒప్పందం ప్రకారం ఇంకో విడత కొనసాగించక తప్పదని ఓనరుకు ఎవరో చదువుకున్నవాళ్ళు చెప్పి ఉంటారు. వాన వెలిసి ఎండ కాయగానే మేనేజరు కొత్త ఒప్పందం కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చి, మెట్ల దగ్గర మెయిన్ స్విచ్చి వేసి, గుమ్మంలో నిలబడ్డాడు. నెలల తరబడి చచ్చిపడున్న ట్యూబులైట్లు మూడూ ఒక్కసారి భగ్గుమన్నాయి.

గుడారంలో ఒక కుటుంబం ఉంది. పై గుడ్డలోంచి తెల్లటి వెలుగు దూరింది. "అయ్యో, పోయింది! ఏమీ కనిపించట్లేదు!" అని లోపల ఎవరో అరిచారు.

నేను లేచి స్విచ్చి దగ్గరకు వెళ్ళి మూడు లైట్లూ ఆపేశాను.

మేనేజరు నోరు తెరిచాడు. ఆ ముఖం మీద నవ్వు లేకపోవడం నేను మొదటిసారి చూశాను.

"అదేంటమ్మా, కరెంటు ఇచ్చాం కదా!"

"ఇచ్చారు. మాకు కావాల్సినప్పుడు వేసుకుంటాం. ఇప్పుడు బేరంలో ఉన్నాం, కాగితాలు అయ్యాక చూద్దాం. కొంచెం ఆ గుమ్మంలోంచి పక్కకు జరగండి. మా ఆయన పట్టుకున్న కార్డు మీద మీ నీడ పడుతోంది."